మా అత్త నాతో అన్న మొదటి మాట

ఇది నేను ఎక్కిన బస్సులన్నిటిలోకీ చెత్త బస్సు కథ. బస్సు మంచిదే లెండి, ఎక్కినవాడే చెత్త. పెళ్లాం శ్రీకాకుళం ఆసుపత్రిలో నొప్పులు పడుతుంటే, ఆవిణ్ణి కన్నతల్లిని వెంటబెట్టుకుని, సరిగ్గా ఆసుపత్రికి వీపు తిప్పి ప్రయాణం చేసిన మహానుభావుణ్ణి నేను. పైగా సోషల్ మాస్టార్ని. పిల్లలకి పటం మీద దిక్కులు చూపించి జీతం తీసుకుంటాను. నవ్వండి, ఫరవాలేదు. మా ఇంట్లో ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

ముందు నా సిద్ధాంతాలు కొన్ని చెప్పాలి. లేకపోతే నా మీద మీకు రావలసినంత కోపం రాదు.

ప్రయాణాల్లో నాది బస్సు పార్టీ. మోటారుసైకిలు మీద తిరిగేవాళ్లకి తొందరెక్కువ, బుద్ధి తక్కువ అని స్టాఫ్ రూములో ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. అసలు సంగతి ఏమిటంటే నాకు బండి సరిగ్గా రాదు. ఒకసారి విజయనగరం కోట దగ్గర నేర్చుకుంటూ జామకాయల తోపుడు బండిలోకి వెళ్లిపోయాను. ఆ తర్వాతే ఈ సిద్ధాంతం పుట్టింది.

కాపరం శ్రీకాకుళంలో, ఉద్యోగం విజయనగరంలో. రోజూ బస్సే. ఎక్కగానే కళ్లు మూసుకోవడం నాకు అలవాటు, బయటికి చూస్తే కడుపులో తిప్పుతుంది. ఆ దారిలో గతుకులన్నీ నా వీపుకి తెలుసని నా గొప్ప. కళ్లు తెరవకుండానే "ఇది నాతవలస, ఇది పైడిభీమవరం, ఇదిగో రణస్థలం" అని పక్కవాడికి చెప్పేవాణ్ణి. వాడు అడిగేవాడు కాదనుకోండి.

ఇక రాజకీయాలు. "రెండు పార్టీలూ ఒకటేనండీ" అనడం నాకు ఊతపదం. టీ కొట్టు దగ్గర అనేవాణ్ణి, బార్బరు షాపులో అనేవాణ్ణి, మా అత్త ఉన్నచోట మాత్రం అనేవాణ్ణి కాదు. మా అత్త ఒక పార్టీ మనిషి. ఏ పార్టీయో రాయను. మా వీధిలో రెండు పార్టీల వాళ్లూ ఉన్నారు, నేను ఆ వీధిలోనే నడవాలి. అవతలి పార్టీ నాయకుడి మొహం టీవీలో వస్తే అత్త ఆ టీవీ మీద తువ్వాలు కప్పేసేదని చెబితే మీకు చాలు.

మా అత్త పేరు పైడమ్మ. విజయనగరం నుంచి బొబ్బిలి వెళ్లే దారిలో, బొండపల్లి దాటాక మెయిన్ రోడ్డు పక్కనే వాళ్లిల్లు. పెళ్లయిన రోజు నుంచి ఆవిడ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. కోపం కాదండీ, మర్యాద. వాళ్లింట్లో అత్త అల్లుడికి ఎదురుపడదు, పేరు పలకదు, నోరు విప్పదు. ఏదైనా చెప్పాలంటే మూడో మనిషికి చెబుతుంది, ఆ మనిషి నాకు చెబుతాడు. ఆ ఉద్యోగం మా మావ అప్పలస్వామిది. నేను భోజనానికి కూచుంటే తలుపు వెనక నుంచి గొంతు వచ్చేది.

"ఆరికి కూర సాల్తాదో నేదో అడగండి."

"కూర సాల్తాదా అల్లుడా?" అనేవాడు మావ, నా పక్కనే కూచుని.

"చాలు మావా."

"సాలంట."

"ఏటి సాలు? పిట్టలాగ తింతన్నారు. ఇంకో గరిటె ఎయ్యండి."

మావ ఇంట్లో లేకపోతే గోడతో చెప్పేది. గోడ కాకపోతే పిల్లితో. ఒకసారి నేను గొడుగు మర్చిపోయి బయల్దేరుతుంటే, "వాన వస్తాదని కొందరికి తెల్దే" అంది పిల్లితో. పిల్లి నా మొహంలోకి చూసింది, నేను వెనక్కొచ్చి గొడుగు తీసుకున్నాను. అలా మా ముగ్గురికీ బాగానే జరిగిపోయేది.

ఆ రోజు నేను క్లాసులో నదుల పాఠం చెబుతున్నాను. మా ఆవిడ గౌరి దగ్గర్నుంచి ఫోను.

"ఏవండీ, కంగారు పడకండి" అంది.

ఆ మాట విని కంగారు పడని మొగుడు ఇంకా పుట్టలేదు. పురుడికి ఇంకా నెల టైముంది. ఆ ఆదివారమే పుట్టింటికి తీసుకెళ్లాలని అనుకున్నాం. ఈలోపే పొద్దున్న నొప్పులు మొదలైతే పక్కింటావిడ తీసుకెళ్లి ఆసుపత్రిలో చేర్పించింది.

"డాక్టరమ్మ ఇంకా టైముందంటోంది. మీరు మా అమ్మని తీసుకురండి. నాన్న రాయగడ పెళ్లికెళ్లాడు, అమ్మ ఒక్కర్తీ శ్రీకాకుళం రాలేదు. ఇజీనారం దాకా ఆటోలో వస్తాది." అని, చివరికి అసలు మాట చెప్పింది. "నాకు అమ్మ కావాలండి."

గౌరి ఏదీ అడిగే మనిషి కాదు. పెళ్లయిన కొత్తలో ఏ చీర కావాలంటే "ఏదైనా" అంది. అలాంటిది అమ్మ కావాలని అడిగింది. పిల్లల్ని, నదుల్ని అక్కడే వదిలేసి ఆర్టీసీ కాంప్లెక్స్‌కి పరిగెత్తాను.

అత్త అప్పటికే వచ్చి అరటిపళ్లు అమ్మే ఆవిడ పక్కన నించుని ఉంది. చేతిలో సంచి, చంకలో పెద్ద మూట. మూటనిండా మెత్తటి పాత చీరలు, బిడ్డ కోసం. నన్ను చూడగానే కొంగు తలమీదికి లాక్కుని స్తంభం వైపు తిరిగింది.

"భయపడకండత్తా. గౌరి బాగానే ఉంది, ఇప్పుడే మాట్లాడాను" అన్నాను.

అత్త అరటిపళ్లావిడతో, "పిల్ల ఏటైనా తిన్నాదో నేదో అడగమ్మా" అంది.

ఆవిడ తెల్లబోయింది. "ఏ పిల్ల? ఎవుల్ని అడగాల?"

"ఇడ్లీ తిందత్తా" అన్నాను.

అరటిపళ్లావిడ నన్ను చూసింది, అత్తని చూసింది, సంగతి అర్థం చేసుకుంది. "ఇడ్లీ తిన్నాదట" అని అత్తకి చెప్పి, "డజను పళ్లు కూడా అట్టికెల్తారా అని అడుగు" అని తన మాట ఒకటి అత్త ద్వారా నాకు పంపించింది. కొన్నాను.

కాంప్లెక్స్‌లో మనుషులే తప్ప బస్సుల్లేవు. బొబ్బిలిలో ఏదో పెద్ద మీటింగట, ఉన్న బస్సులన్నీ అటే కట్టేశారట. పక్కన ఎవరో అనుకుంటుంటే విన్నాను. విని, "ఈ దేశం ఇంతే" అని నా అభిప్రాయం నేను చెప్పాను. కానీ చెవిలో పడింది బుర్రకెక్కాలంటే నాకు మధ్యలో నాలుగైదు స్టేజీలు ఉంటాయి.

అంతలో ఒక బస్సు వచ్చింది. ఇలాంటి వేళ నన్ను చూడాలి మీరు. మన వైపు సీటు మనిషితో పట్టరు, జేబురుమాలుతో పడతారు. బస్సు ఇంకా ఆగకుండానే పక్కన పరిగెత్తుతూ, శ్రీకాకుళం అన్న పక్క బోర్డు చదివి, ఒక కిటికీలోంచి రుమాలు, దాని వెనక కిటికీలోంచి క్యారియరు సంచీ లోపలికి విసిరాను. రెండు సీట్లు. ముందుది అత్తకి, వెనకది నాకు. పక్కపక్కన కూచోమంటే అత్త శ్రీకాకుళం దాకా నించునే వస్తుందని నాకు తెలుసు. ఇంత తెలివి ఉంది నాకు.

ఆ పక్క బోర్డు అంతకు ముందు ట్రిప్పుది, తియ్యడం మర్చిపోయారు. బస్సు ముందు భాగాన, నేను చూడని చోట, అద్దం సగం కప్పేసి అవతలి పార్టీ బ్యానరు కట్టుంది. అటూ ఇటూ జెండాలు.

అత్త మెల్లగా నడిచొచ్చి సరిగ్గా అక్కడ ఆగిపోయింది. టీవీలో వస్తే తువ్వాలు కప్పే మొహం బ్యానరు మీంచి ఆవిణ్ణి చూసి నవ్వుతోంది.

"రండత్తా, సీటు దొరికింది" అని కిటికీలోంచి కేకేశాను.

అత్త అరటిపళ్లావిడ కోసం వెనక్కి చూసింది. ఆవిడ చాలా దూరంలో బేరంలో ఉంది. దారినపోయే ఇంకో ఆడమనిషిని పట్టుకుని, "ఇది మన బస్సేనా అని అడగమ్మా" అంది. ఆవిడ ఆగకుండా వెళ్లిపోయింది. నేను ఇదంతా కిటికీలోంచి చూస్తూ, పాపం ఎవరో తెలిసినావిడ కనిపించినట్టుంది అనుకున్నాను. అత్త ఇక చేసేదిలేక ఎక్కి కూచుంది.

బస్సులో చాలామంది భుజాల మీద ఒకే రంగు కండువాలు. పెళ్లివారనుకున్నాను. కండక్టరు రాలేదు. వెనక వస్తాడులే అనుకున్నాను. ఎవరో వచ్చి నా చేతిలో పులిహోర పొట్లం, నీళ్ల ప్యాకెట్టూ పెట్టాడు.

"చూశారా, ప్రభుత్వం మారాక సర్వీసు ఎంత బాగుపడిందో" అన్నాను పక్కాయనతో. ఇది మారకముందు ఇంకోలా అనేవాణ్ణి.

ఆయన నన్ను సంతోషంగా చూసి, "మనోడే" అన్నాడు.

బస్సు కదిలింది. నేను రుమాలు కళ్ల మీద వేసుకున్నాను. నిద్రపోదామని కాదండీ, ఒట్టు. గౌరి గొంతే చెవిలో తిరుగుతోంది. దేవుళ్లందరికీ పేరుపేరునా దండం పెట్టుకోవడం మొదలుపెట్టాను. పైడితల్లి అమ్మవారు, అరసవల్లి, ఆ తర్వాత శ్రీకూర్మం. ముందు రాత్రి పరీక్ష పేపర్లు దిద్దినవాణ్ణి, శ్రీకూర్మం దాటలేకపోయాను.

మధ్యలో ఒక గతుకు తగిలినప్పుడు రుమాలు కిందనుంచే, "నాతవలస" అని పక్కాయనకి చెప్పానట. బస్సు అప్పుడు దానికి ఎదురు దిక్కున గొట్లాంలో ఉంది.

ఇక అత్త బాధ వినండి. ఇదంతా తర్వాత ఆవిడే చెప్పింది. పక్కన కూచున్న కండువా ఆవిణ్ణి అడిగింది, "ఏటమ్మా, ఈ బస్సు సికాకులం ఎల్తాదా?"

"సికాకులం ఏటి? బొబ్బిలి. మీటింగుకి."

అత్త వెనక్కి తిరిగి నన్ను లేపొచ్చు. చెయ్యి చాస్తే అందేటంత దూరం. కానీ అల్లుడు. "ఎనకాల నిద్రోతన్నోల్ని కాస్త లేపమ్మా" అంది ఆవిడతో.

"ఏ నిద్రోతన్నోల్ని? పేరేటి?"

పేరు పలకకూడదు. "మా అమ్మాయి తాలూకు" అంది అత్త.

ఆవిడకి ఏం అర్థమైందో, లేచి నా వెనక సీటులో గురక పెడుతున్న ఒక పెద్దాయన్ని గట్టిగా కుదిపింది. ఆయన ఉలిక్కిపడి లేచి, మీటింగు వచ్చేసిందనుకుని, చెయ్యి పైకెత్తి జిందాబాద్ కొట్టాడు. బస్సు మొత్తం అందుకుంది. నేను ఆ గోలకి రుమాలు సర్దుకుని, "పెళ్లివారికి హుషారు ఎక్కువే" అని మళ్లీ నిద్రలోకి జారుకున్నాను.

అప్పుడు అత్త సంచిలోంచి ఫోను తీసింది. కూతురికి కలిపింది. ఆ కూతురు ఎక్కడుంది? నొప్పులు పడుతూ ఆసుపత్రి మంచం మీద. కొంచెంసేపటికి నా జేబులో ఫోను మోగింది.

"ఏవండీ, ఎక్కడున్నారు?" గౌరి రొప్పుతోంది.

"రణస్థలం దాటుతున్నాం, వచ్చేస్తున్నాం. నువ్వు ధైర్యంగా ఉండు."

"కళ్లు తెరవండి."

"ఏం?"

"ఒకసారి కళ్లు తెరిచి కిటికీలోంచి చూడండి. ఏం కనిపిస్తోంది?"

రుమాలు తీశాను. చూశాను. ఆకుపచ్చ తలుపులు, గుమ్మం పక్కన రోలు, అరుగు మీద నన్నే చూస్తున్న పిల్లి.

"మీ ఇల్లు" అన్నాను.

"దిగండి" అంది గౌరి. నొప్పుల్లో ఉన్న ఆడది అంత నెమ్మదిగా మాట్లాడితే ఎంత భయం వేస్తుందో నాకు ఆ రోజే తెలిసింది. అత్త నా ముందు సీటులో కూచుని, ఆ మాట శ్రీకాకుళం వెళ్లి తిరిగి నా దాకా చేరిందో లేదో అని చెవి ఇటువేసి వింటోంది.

లేచి బస్సు ఆపమని అరిచాను. ఇంచార్జి అని బ్యాడ్జీ పెట్టుకున్న మనిషి వచ్చాడు.

"మధ్యలో ఆపేది లేదన్నా. జనం తగ్గితే నన్ను నిలదీస్తారు. మీటింగయ్యాక ఇక్కడే దింపుతాం."

"నా భార్యకి పురుడండీ."

"అందరూ ఏదో ఒకటి సెప్తారన్నా. పులిహోర తిన్నాక పురుడొచ్చిందేటి?"

నేనింకా పొట్లం విప్పలేదని చూపించబోయాను. అంతలో అత్త లేచి నించుంది. తలమీద కొంగు జారిపోయింది, సర్దుకోలేదు.

"బాబూ, నాను మీ పార్టీ కాదు" అంది బస్సంతా వినేలాగ. "పుట్టి బుద్దెరిగిన కాడ్నుంచి అవతలి పార్టీ. నా కూతురు అక్కడ అల్లాడతన్నాది. ఇప్పుడు బస్సు ఆపకపోతే మీ మీటింగుకి వస్తాను, మీ నాయకుడు మైకట్టుకున్నాక లేచి మా నాయకుడికి జై కొడతాను. ఆపైన ఏటి సేసుకుంటావో సేసుకో."

బస్సు ఆగింది. ఇంచార్జి స్వయంగా మూట దింపి, "జాగర్తగా ఎల్లమ్మా" అన్నాడు. పక్కన కూచున్న కండువా ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టి, "బంగారంలాటి బిడ్డ పుడతాదిలే" అంది.

రోడ్డు మీద నించున్నాం. బస్సుల్లేవు. ఆటోలు కూడా మీటింగుకే పోయాయి. చేతులు కట్టుకుని, "నా తప్పేనత్తా" అన్నాను. అత్త మూట చంకనెత్తుకుంది. వెనక్కి నడిచి ఇంటి తాళం తీసి లోపలికెళ్లింది, వచ్చి అరుగు మీద ఒక తాళం చెవి పెట్టి పక్కకి జరిగింది. గోడవారన మా మావ మోపెడ్ ఉంది.

"నాకు బండి సరిగ్గా రాదత్తా."

అత్త పిల్లి కేసి చూసింది. "ఎలగోలాగ ఎల్లాలి" అంది. పిల్లి లేచి వెళ్లిపోయింది. అల్లుళ్ల వ్యవహారంలో దానికీ ఓపిక చాల్లేదు.

ఆ మాట విన్నాక సిద్ధాంతాలేమిటండీ. తాళం చెవి తీసుకున్నాను. విజయనగరం స్టేషనుకి వెళ్తే రైలు పట్టుకోవచ్చు. నేను ముందు, అత్త వెనక, ఇద్దరి మధ్య గోడలాగ ఆ చీరల మూట.

బండి కదిలింది. బండి ఒకవైపు వెళ్తోంది, నేను ఇంకోవైపు వెళ్దామనుకుంటున్నాను. అత్త కాసేపు ఓర్చుకుని, మూటతో మాట్లాడ్డం మొదలుపెట్టింది.

"మూటా, ఎడం పక్కకి ఎల్లమనే."

ఎడం పక్కకి వెళ్లాను.

"అంత ఎడమ కాదే. పొలంలోకి ఎల్లిపోతన్నాము."

బొండపల్లి దాటాం. గాలికి ధైర్యం వచ్చింది నాకు. గొట్లాం దగ్గరికొచ్చేసరికి పక్క సందులోంచి గడ్డి ట్రాక్టరు ఒకటి నెమ్మదిగా, రోడ్డు తనదే అన్నట్టు, మాకు అడ్డంగా వచ్చింది. నేను దాన్ని చూశాను. చూస్తూనే ఉన్నాను. చేతికి ఏం చెయ్యాలో తోచలేదు.

"బ్రేకెయ్యి సచ్చినోడా!"

వేశాను. ట్రాక్టరు గడ్డి నా మొహానికి తగిలింది, బండి ఆగింది. ట్రాక్టరతను ఏదో తిట్టి వెళ్లిపోయాడు, మాకేం వినపడలేదు. ఇద్దరం కదలకుండా అలాగే ఉండిపోయాం. పెళ్లయినప్పట్నుంచి మా అత్త నాతో అన్న మొదటి మాట అది.

"అత్తా, నాతోనేనా?" అన్నాను.

"నీతో కాక టాట్రుతోనా?" అని, వెంటనే రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. కొంచెంసేపటికి ఆ చేతుల సందుల్లోంచి నవ్వు వినపడింది. మా అత్త నవ్వు నేనెప్పుడూ వినలేదు. అచ్చం గౌరి నవ్వే. నాకూ నవ్వొచ్చింది, దాంతోపాటు కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఆ రోడ్డు మీద ఇద్దరం పిచ్చివాళ్లలాగ నవ్వుకున్నాం.

మళ్లీ బయల్దేరాం. ఇక మూటతో పని లేకపోయింది.

"ఒక మాట సెప్తాను ఇంటావా బాబూ" అంది నా వీపు వెనకనుంచి.

"చెప్పండత్తా."

"గౌరి పుట్టినపుడు మాయమ్మ రానేకపోనాది. నాగావలి పొంగీసింది, అవతలొడ్డునే ఉండిపోనాది. పొద్దుట్నుంచి సందేల దాక గుమ్మం కేసే సూసినాను. నొప్పి కన్న ఆ సూపే ఎక్కువ బాద. నా కూతురు అలగ గుమ్మం కేసి సూడకూడదని అనుకున్నాను. అందికే అంత బయం నాకు. బస్సులోనే సెప్పాల్సింది నీకు. నోరు రానేదు."

"చూడదత్తా, మనం వెళ్లిపోతున్నాంగా" అని బండి కొంచెం వేగం పెంచాను.

"వేగం వద్దు. బతికి ఎల్లాల" అంది.

బస్సు ఎక్కడానికి ముందు బ్యానరు చూసి కూడా ఎందుకెక్కారని అడిగాను. "నువ్వు సోసలు మేస్టరువి కదా, నీకు తెల్సే ఎక్కుంటావనుకున్నాను. ముందల సికాకులంలో దింపి, అప్పుడు మీటింగుకి ఎల్తాదేమో అనుకున్నాను. నువ్వేమో దొంగతనంగా ఆ పార్టీలో ఉన్నావేమో అని కూడా అనుకున్నాను. అదే ఎక్కువ బాదేసింది."

స్టేషనులో రైలు దొరికింది. ఎదురెదురుగా కూచున్నాం. అన్నాళ్లూ లోపల దాచుకున్నవన్నీ అత్త ఆ రైల్లో ఒక్కొక్కటీ తీసింది. నేను గోంగూర పక్కకి తోసెయ్యడం తలుపు సందులోంచి చూసేదట. మీసం నాకు నప్పలేదట. గౌరిని సినిమాకి తీసుకెళ్లి నిద్రపోయానట. "నిద్రోతే నీకు ఒళ్లు తెల్దు" అని పక్కవాళ్లకి కూడా చెప్పింది. ఈసారి పక్కవాళ్ల ద్వారా నాకు చెప్పలేదు, నా గురించి వాళ్లకి చెప్పింది. తేడా గమనించండి.

ఆసుపత్రికి చేరేసరికి గౌరి మంచం మీద, గుమ్మం కేసే చూస్తూ ఉంది. అత్త మూట నా చేతిలో పడేసి వెళ్లి కూతురి చెయ్యి పట్టుకుంది. గౌరి ఏడ్చింది. మధ్యలో నొప్పి కాస్త తగ్గినప్పుడు, అలవాటు ప్రకారం, "అమ్మా, ఆయన ఏమైనా తిన్నారా?" అని అడిగింది.

అత్త నా వైపు తిరిగి, "ఒరే అబ్బాయ్, ఏటైనా తిన్నావా?" అంది.

గౌరి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "అమ్మా, నువ్వు... ఆయనతో?"

"ఊఁ. దారిలో కాస్త పనిపడ్డాది."

గౌరికి నవ్వొచ్చింది, నవ్వుతుండగానే మళ్లీ నొప్పి వచ్చింది. నవ్వాలో అరవాలో తెలియక రెండూ చేసింది. నర్సమ్మ వచ్చి నన్ను బయటికి తరిమేసింది, తప్పంతా నాదే అని ఆవిడకి చూడగానే తెలిసిపోయినట్టుంది.

దీపాల వేళకి కూతురు పుట్టింది. అత్త ఆ పాత చీర ముక్కలో చుట్టి బయటికి తెచ్చింది. వాళ్ల పద్ధతి ప్రకారం పక్కింటావిడ చేతికిస్తే ఆవిడ నాకివ్వాలి. పక్కింటావిడ చేతులు చాచింది కూడా. అత్త ఆవిణ్ణి దాటి నా దగ్గరికొచ్చి, బిడ్డని నా చేతుల్లోనే పెట్టింది.

"ఇదిగో నీ కూతురు. ఈసారైనా కళ్లు తెరిసి అట్టుకో."

రాత్రి వరండాలో ఇద్దరికీ ఆకలేసింది. సంచిలో అరటిపళ్లు, వాటి కింద ఆ పులిహోర పొట్లం. అవతలి పార్టీ పులిహోర అత్త ముట్టుకోదనుకున్నాను. ఒక ముద్ద తింది, ఇంకో ముద్ద తింది. "పులోర మట్టుకు బాగా సేసినారు. ఓటు ఎయ్యను గానీ" అంది.

ఆ పిల్ల ఇప్పుడు బడికెళ్తోంది. నాకు విజయనగరంలోనే ఇల్లు దొరికింది, మోపెడ్ మీద మామూలుగా తిరుగుతున్నాను. అత్త ఆ రోజు నుంచి మాట్లాడ్డం ఆపలేదు. పొద్దున్నే ఫోను చేసి పేపర్లో రాజకీయాలన్నీ నాకు వివరిస్తుంది, నా అభిప్రాయం అడిగి, అది తప్పని చెబుతుంది. మా మావకి పాత ఉద్యోగం పోయింది. పిల్లి కూడా విశ్రాంతిగా ఉంది.

మొన్నటి ఎన్నికలప్పుడు నా పాత నోరు ఊరుకోలేదు. అత్తింట్లో భోజనం దగ్గర, "రెండు పార్టీలూ ఒకటే అత్తా, నేనైతే ఈసారి అవతలివాళ్లకే వేశాను" అనేశాను. అత్త గరిటె గిన్నెలో పెట్టి లేచి తలుపు వెనక్కి వెళ్లిపోయింది. అక్కణ్ణుంచి నా కూతురితో, "మీ నాన్నకి మజ్జిగ కావాలేమో అడగవే" అంది. నా కూతురు విచిత్రంగా చూసి, "నాన్న ఇక్కడే ఉన్నాడుగా అమ్మమ్మా" అంది.

మొదట హాయిగానే ఉందనుకున్నాను. పొద్దున్న ఫోను మోగలేదు. నా మీసం గురించి ఎవరూ ఏమీ అనలేదు. గోంగూర పక్కకి తోస్తే అడిగే నాథుడు లేడు. నాకు అన్నం సయించలేదు, నిజంగా చెబుతున్నాను. ఎన్ని తిట్లయినా తినొచ్చు గానీ ఆ తలుపు వెనక గొంతు మళ్లీ వినడం నా వల్ల కాలేదు.

ఆ వారమే అత్తని గజపతినగరం సంతకి మోపెడ్ మీద తీసుకెళ్లాల్సి వచ్చింది. వెనక కూచుని సంచితో మాట్లాడుతోంది, "సంచీ, మెల్లగా ఎల్లమనే" అని. ఎదురుగా దూరంగా ఒక గడ్డి ట్రాక్టరు. దగ్గరికొస్తోంది. నేను దాన్ని చూశాను. చూస్తూనే ఉన్నాను.

"బ్రేకెయ్యి సచ్చినోడా!"

వేశాను. ప్రాణం లేచొచ్చింది.

కాబట్టి పాఠకులందరి సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ముందు వైపు చూడకుండా ఇక ఏ బస్సూ ఎక్కను. ఎక్కాక కళ్లు మూయను. మూసినా దారి చెప్పను. ఎవరికి ఓటేశానో ఈ జన్మలో అత్తకి చెప్పను. ఆ మోపెడ్ బ్రేకులు మొదట్నుంచీ చక్కగా పనిచేస్తున్నాయన్న సంగతి కూడా చెప్పను. చేతిలో బ్రేకు పెట్టుకుని ట్రాక్టరు దగ్గరికొచ్చేదాకా ఆగే పని ఇంకెప్పుడూ చెయ్యను, అత్త మళ్లీ నాతో మాట్లాడ్డం మానేస్తే తప్ప.